బిందెలో ఒక మాత్ర

ఇంట్లో మంచినీళ్లు పట్టుకునే మామూలు స్టీలు బిందె ఒకటి తీసుకోండి. పదహారు లీటర్ల దాకా పడుతుందనుకుందాం. దాంట్లో సిప్రోఫ్లాక్సాసిన్ 500 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి వేసి కరగనివ్వండి. ఇప్పుడు ఆ బిందెలో లీటరుకు 31 మిల్లీగ్రాముల మందు ఉన్నట్టు. స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్, ఆయన సహచరులు 2007లో అచ్చువేసిన పరిశోధన పత్రంలో పటాన్‌చెరు ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం నీళ్లకు సంబంధించి రాసిన గరిష్ఠ మోతాదు సరిగ్గా అదే. ఆ నమూనా తీసింది శుద్ధికి ముందు కాదు. శుద్ధి పూర్తయ్యాక బయటికి వదిలే నీళ్లలోంచి.

నేను సూక్ష్మజీవుల మనిషిని. రోగుల మూత్రం, రక్తం, చీము పళ్లేల మీద వేసి, వాటిలో పెరిగిన క్రిములు ఏ మందుకు చస్తున్నాయో, ఏ మందుకు చావడం లేదో చూసి కాగితం మీద రాసివ్వడం నా పని. ఈ పనిలో తలనెరిసింది. గొంతు పెంచే అలవాటు మా వృత్తిలో లేదు. మందు పేరు పక్కన ‘ఎస్’ అనో ‘ఆర్’ అనో ఒక అక్షరం రాసి సంతకం పెడతాం. ఎస్ అంటే ఆ మందుకు క్రిమి లొంగుతుంది. ఆర్ అంటే లొంగదు. ఈ వ్యాసం కూడా అలాంటి కాగితమే అనుకోండి, కాకపోతే ఇక్కడ రోగి ఒక ఊరు.

పటాన్‌చెరు పేరు వినగానే హైదరాబాదువాళ్లకు గుర్తొచ్చేది బస్సు. కోఠీకి పోయే 218, సికింద్రాబాదుకు పోయే 219. ఆ బస్సుల్లో నిలబడి ముంబై హైవే పొడుగునా వచ్చినవాళ్లకు ఈ ఊరు వరుసగా కొన్ని వాసనలుగా గుర్తుంటుంది. రామచంద్రాపురం దాటాక నూనెల వాసన, ఆ తర్వాత ఒక పుల్లటి ఘాటు, ఆ తర్వాత బజారులో మిర్చి బజ్జీలు. ఊరు మాత్రం వాసనలకన్నా చాలా పాతది. కల్యాణి చాళుక్యుల శాసనాల్లో కనిపించే పొట్టలకెరె అనే రాజధాని ఇదేనని చరిత్రకారులు గుర్తించారు. పదకొండో శతాబ్దంలో రెండో జయసింహుడు ఇక్కణ్నుంచి ఏలాడు. జైనులకు పేరుపడ్డ చోటు. కన్నడంలో కెరె అంటే చెరువే. వెయ్యేళ్లుగా ఈ ఊరు తన పేరులో నీళ్లను మోస్తూ వచ్చింది.

1972లో ఇక్రిశాట్ ఇక్కడికి రావడానికి కూడా నేలే కారణం. ఎర్రనేల, నల్లరేగడి రెండూ ఒకే పొలంలో దొరికే చోటు కావాలని వెతికారు, ఇక్కడ దొరికింది. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగల మీద పనిచేసే అంతర్జాతీయ సంస్థ మూడు వేల పైచిలుకు ఎకరాల్లో కుదురుకుంది. వెనుకబడిన మెదక్ జిల్లాకు పరిశ్రమలు రావాలన్న తపనతో డెబ్బైల నడుమ దాని పక్కనే పారిశ్రామిక వాడ లేచింది. 1980లో ఇందిరాగాంధీ పార్లమెంటుకు వెళ్లింది మెదక్ నుంచే. ఆ రోజుల్లో ఫ్యాక్టరీ వస్తుందంటే డప్పులు కొట్టి ఎదురెళ్లినవాళ్లున్నారు, అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

మందుల ఫ్యాక్టరీలు ఇంత గుమిగూడడానికి వేరే కారణం ఉంది. బాలానగర్‌లో ఐడీపీఎల్ అనే ప్రభుత్వ మందుల కంపెనీ అరవైలలో పని మొదలుపెట్టి, రసాయనాలతో మందు వండే చేయి తిరిగిన తరం ఒకదాన్ని తయారుచేసింది. 1970 పేటెంటు చట్టం వచ్చాక, మందు మీద కాకుండా తయారీ పద్ధతి మీదే పేటెంటు అన్నారు. వేరే దారిన అదే మందు చేసుకోవచ్చు. ఐడీపీఎల్‌లో పనిచేసి బయటికొచ్చిన వాళ్లలో చాలామంది సొంత కొలుములు పెట్టారు, వాటిలో ఎన్నో జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరుల్లోనే. వీటి పుణ్యాన మాత్రల ధరలు దిగివచ్చాయి. టైఫాయిడు పిల్లవాడికి వాడిన మాత్ర, ఆఫ్రికాలో ఎయిడ్స్ రోగికి అందిన మాత్ర ఈ కొలుముల్లోంచి వచ్చినవే. నేను పని చేసిన ప్రతి రోజూ ఈ ఫ్యాక్టరీల మందు మీద ఆధారపడ్డాను. వాటిని మూసేయమనడానికి నేనిది రాయడం లేదు.

ఇక ఊళ్లో మనుషులు. బీహెచ్‌ఈఎల్‌లో రిటైరై ఇళ్లు కట్టుకున్న పాతకాపులు, బజారులో మూడు తరాల కిరాణా దుకాణాలవాళ్లు, చిట్కుల్, పెద్దకంజర్ల, పోచారం లాంటి ఊళ్ల రైతులు ఒక వరస. ఇస్నాపూర్ చౌరస్తా చుట్టూ ఇరుకు గదుల్లో నలుగురైదుగురు కలిసి వంతులవారీగా నిద్రపోయే బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ కుర్రాళ్లు ఇంకో వరస. అవుటర్ రింగు రోడ్డు వచ్చాక అమీన్‌పూర్, తెల్లాపూర్, కిష్టారెడ్డిపేట వైపు లేచిన గేటెడ్ కమ్యూనిటీల ఐటీ ఉద్యోగులు మూడో వరస. వీళ్లకు ఒకళ్లతో ఒకళ్లకు పరిచయం తక్కువ. ఒకే నేల కింద ఉన్న నీళ్లు మాత్రం ముగ్గురికీ ఉమ్మడి.

నేనీ ఊరికి వచ్చిన కొత్తలో నక్కవాగు ఒడ్డున ఒక పెద్దాయన చెప్పిన మాట గుర్తుంది. “సారూ, అప్పట్ల ఈ వాగుల శాపలు పట్టేటోళ్లం. గిప్పుడు కాలు వెట్టాల్నంటె భయమైతది.” తొంభైలలో వాగు రంగు ఏ ఫ్యాక్టరీలో ఏం వండుతున్నారో చెప్పేది. ఒకరోజు ఎర్రగా, ఒకరోజు టీ డికాషన్‌లా. నురగ మోకాలెత్తు లేచేది. స్థానికంగా వైద్యం చేసే డాక్టర్ అల్లాని కిషన్‌రావు లాంటివాళ్లు ఎనభైల నుంచే దీనిమీద కాగితాలు పోగుచేసి జనాన్ని కూడగట్టారు. 1990లో విషయం సుప్రీంకోర్టుకు చేరింది. బావులు పాడైన ఊళ్లకు బయటి నుంచి మంచినీళ్లు పైపులో ఇవ్వాలని, నష్టపోయిన రైతులకు పరిహారం కట్టాలని కోర్టు చెప్పాల్సి వచ్చింది. ఒక ఊరి బావి నీళ్లు తాగడానికి పనికిరావని దేశంలోకెల్లా పెద్ద కోర్టు ఒప్పుకున్నాక, ఇక అక్కడ పొల్యూషన్ ఉందా లేదా అన్న చర్చ ఉండకూడదు. ఉంటూనే ఉంది, అది వేరే సంగతి.

కోర్టు ఒత్తిడి వల్లో, కాలుష్య మండలి వల్లో, తొంభైల నడుమ ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది. ఇక్కడివాళ్లు సీఈటీపీ అంటారు. తొంభై దాకా మందుల కంపెనీల వ్యర్థజలాలు ట్యాంకర్లలో అక్కడికి చేరేవి. రోజుకు పదిహేను లక్షల లీటర్ల చొప్పున. లార్సన్ బృందం వరుసగా రెండు రోజులు ఆ కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లు పట్టి, 59 రకాల మందుల కోసం వెతికింది. 21 రకాలు లీటరుకు ఒక మైక్రోగ్రామును మించి ఉన్నాయి. 11 రకాలు వంద మైక్రోగ్రాములను మించాయి. అన్నిటికన్నా ఎక్కువ సిప్రోఫ్లాక్సాసిన్. లెక్క కడితే రోజుకు 45 కిలోలు. తొంభై లక్షల జనాభా ఉన్న స్వీడన్ మొత్తం ఐదు రోజుల్లో మింగే సిప్రో, పటాన్‌చెరు ఒక్కరోజులో వాగులో కలిపిందని ఆ పత్రం రాసింది. మన లెక్కలో చెప్పాలంటే 500 మిల్లీగ్రాముల మాత్రలు తొంభై వేలు. రోజుకు రెండు చొప్పున ఐదు రోజుల కోర్సు అనుకుంటే తొమ్మిది వేలమంది రోగుల మందు, ప్రతిరోజూ.

ఇందులో నన్ను ఇప్పటికీ కలవరపెట్టేది నష్టం కాదు, మోతాదు. ఒక రోగి 500 మిల్లీగ్రాముల మాత్ర మింగితే అతని రక్తంలో లీటరుకు రెండు, రెండున్నర మిల్లీగ్రాముల సిప్రో ఉంటుంది. అంతటితోనే ఒంట్లో క్రిములు చావాలి. యెర్కర్ ఫిక్, లార్సన్ తదితరులు ఇక్కడి చుట్టుపక్కల చెరువులు పరీక్షించి 2009లో అచ్చువేసిన పత్రం ప్రకారం, ఒక చెరువు నీళ్లలో లీటరుకు 6.5 మిల్లీగ్రాముల దాకా సిప్రో తేలింది. మందు మింగిన మనిషి నెత్తురులో కన్నా చెరువులో రెండింతలకు పైగా మందు. కొన్ని ఊళ్ల బావుల్లో కూడా సిప్రో, ఎలర్జీకి వాడే సెట్రిజిన్, ఫంగస్‌కు వాడే టెర్బినాఫిన్, మానసిక కుంగుబాటుకు వాడే సిటలోప్రామ్ లీటరుకు ఒక మైక్రోగ్రామును మించి దొరికాయి. ఆ బావుల నీళ్లతో గేదెలను కడిగిన రైతుకు ఆ చివరి మందు పేరు కూడా తెలిసి ఉండదు.

నీళ్లలో మందు ఉంటే మంచిదేగా, క్రిములు చస్తాయిగా అని నన్ను అడిగినవాళ్లున్నారు. వెటకారంగా కాదు, నిజంగానే. పత్తి రైతుకైతే ఈ ప్రశ్న రాదు. ఎనభైల చివర గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పచ్చపురుగు మీద సింథటిక్ పైరిథ్రాయిడ్లు కొట్టి కొట్టి ఏం జరిగిందో వాళ్లకు తెలుసు. బలహీనమైన పురుగు చచ్చింది, మందు తట్టుకున్న పురుగు మిగిలింది, మరుసటి కారుకు చేను నిండా దాని సంతానమే. క్రిములదీ అదే కథ, రెండు తేడాలతో. పురుగుకు ఒక తరం గడవడానికి నెల పడుతుంది. క్రిమికి అరగంట చాలు. రెండో తేడా ఇంకా పెద్దది. పురుగు తన తట్టుకునే గుణాన్ని పిల్లలకే ఇవ్వగలదు. క్రిమి పక్కనున్న క్రిమికి కూడా ఇస్తుంది, అది వేరే జాతిదైనా సరే. పక్కింటావిడ గిన్నె పట్టుకొచ్చి చెంచాడు పెరుగు తోడడిగితే ఇచ్చినట్టు. చెంచాడు తోడు వాళ్లింటి పాలన్నిటినీ పెరుగు చేస్తుంది, మనింట్లో పెరుగు తగ్గదు. వాగులో హాని చేయని మట్టి క్రిమి దగ్గరున్న జన్యువు, మన పేగుల్లోని ఈ.కోలైకి అలాగే చేరుతుంది. అక్కణ్నుంచి మూత్రనాళానికి దూరమెంత?

ఈ తోడు పుచ్చుకోవడానికి శుద్ధి కేంద్రాన్ని మించిన చోటు ఉండదు. రసాయనపు నీళ్లను మాత్రమే ఇస్తే అక్కడి క్రిములకు తిండి చాలదు. అందుకని ఇళ్ల మురుగునీరు దాదాపు ఐదో వంతు కలిపేవాళ్లు. శుద్ధి పరంగా చూస్తే ఇది చాలా చోట్ల చేసే మామూలు పనే. మా కళ్లతో చూస్తే మాత్రం ఒక తొట్టిలో మనుషుల పేగుల క్రిములు, పక్కనే లీటరుకు పదుల మిల్లీగ్రాముల యాంటీబయాటిక్, ఇరవైనాలుగు గంటలూ గాలి కొడుతూ కలియబెట్టడం. ఒక ప్రయోగశాలలో కావాలని నిరోధక క్రిములను పెంచాలంటే నేనూ అచ్చం ఇలాగే చేస్తాను. 2013లో నచికేత్ మరాఠే బృందం ఆ కేంద్రంలోంచి 93 రకాల క్రిములను వేరుచేసి 39 యాంటీబయాటిక్‌లతో పరీక్షించింది. నూటికి 86 క్రిములు ఇరవై, అంతకన్నా ఎక్కువ మందులకు లొంగలేదు. నా పాత నోటుబుక్కుల్లో ఐసీయూ రోగుల కాగితాల మీద కూడా అన్ని ‘ఆర్’లు వరసగా రాసిన సందర్భాలు తక్కువే. మరుసటి ఏడు ఖాజీపల్లి చెరువు బురదలోని డీఎన్‌ఏని స్వీడన్‌లోని ఒక చెరువు బురదతో పోల్చారు. మందుల నిరోధకతకు కారణమయ్యే జన్యువులు ఇక్కడ దాదాపు ఏడు వేల రెట్లు ఎక్కువ.

ఇంతవరకూ చదివి, ఇదంతా పాత కథ, ఇప్పుడు వాగు శుభ్రపడింది కదా అనేవాళ్లు ఉంటారు. నిజమే, నురగ మునుపటంత లేదు. కారణం ఒక గొట్టం. 2009 ప్రాంతంలో సీఈటీపీ నీళ్లను పద్దెనిమిది కిలోమీటర్ల పైపులో నగరపు పెద్ద మురుగు కాలువకు కలిపి, అక్కణ్నుంచి అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రానికి పంపడం మొదలుపెట్టారు. మ్యాపు ముందుపెట్టుకుని చూడండి. అంతకు ముందు ఈ నీళ్లు ఇసకవాగు, నక్కవాగు, మంజీర మీదుగా గోదావరికి చేరేవి. గొట్టం వేశాక మూసీలోకి, వాడపల్లి దగ్గర కృష్ణలోకి. అంటే ఒక నదీపరీవాహకం దుఃఖాన్ని ఇంకొక నదీపరీవాహకానికి పంచాం. అంబర్‌పేట కేంద్రం రోజుకు 33.9 కోట్ల లీటర్ల మురుగు కోసం కట్టినది, కాబట్టి మందు బాగా పలచబడుతుంది. కానీ పలచబడటం మా శాస్త్రంలో పూర్తి ఊరట కాదు. క్రిమిని చంపలేని చిన్న మోతాదు కూడా నిరోధకత ఉన్నదానికి పోటీలో పైచేయి ఇస్తుంది. లార్సన్, బెంట్సన్ పాల్మే 2016లో కట్టిన లెక్క ప్రకారం సిప్రోకు ఆ గీత లీటరుకు 0.064 మైక్రోగ్రాములు. 2007లో పటాన్‌చెరులో కనిపించింది 31,000 మైక్రోగ్రాములు. దాదాపు ఐదు లక్షల రెట్ల తేడా. ఎన్నిసార్లు పలచబరచాలి? పైగా అంబర్‌పేటలో కలిసేది హైదరాబాదు జనం పేగుల్లోంచి వచ్చిన మురుగు. మూసీ దిగువన ఆ నీళ్లతో వరి, ఆకుకూరలు, గేదెలకు పారా గడ్డి పండిస్తున్నారు. ఆ పాలు మళ్లీ నగరానికే.

గొట్టం వేశాక ఇక్కడ అంతా సద్దుమణిగిందా అంటే, 2016 నవంబరులో జర్మనీ నుంచి వచ్చిన క్రిస్టోఫ్ ల్యూబర్ట్ బృందం హైదరాబాదు చుట్టుపక్కల 28 చోట్ల నీళ్లు పట్టింది. పటాన్‌చెరు బొల్లారం పారిశ్రామిక వాడ దగ్గర ఒక కాలువలో ఫంగస్ మందు ఫ్లూకొనజోల్ లీటరుకు 237 మిల్లీగ్రాముల దగ్గర దొరికింది. బిందెలో ఒక మాత్రతో మొదలుపెట్టాం కదా, ఈ కాలువ నీళ్లకైతే అదే బిందెలో 150 మిల్లీగ్రాముల ఫ్లూకొనజోల్ మాత్రలు పాతిక వేయాలి. ఆ నమూనాల్లో నూటికి తొంభై అయిదుకు పైగా వాటిల్లో మందులకు లొంగని మొండి క్రిములు బయటపడ్డాయి.

ఒక జాగ్రత్త చెప్పాలి. మన దేశంలో మందులు పనిచేయకపోవడానికి ఫ్యాక్టరీ ఒక్కటే కారణం కాదు. చీటీ లేకుండా మందుల షాపులో కొనే మూడు రోజుల మాత్రలు, జలుబుకు రాసిన అజిత్రోమైసిన్, కోళ్ల దాణాలో కలిపే యాంటీబయాటిక్, డ్రైనేజీ లేని బస్తీ ఇవన్నీ కారణాలే. నా దగ్గరికి వచ్చే మూత్ర పరీక్ష కాగితం మీద ‘ఆర్’ను చూపించి ఇది ఫలానా గొట్టం వల్ల అని చెప్పను. 2022లో లాన్సెట్‌లో వచ్చిన అంచనా ప్రకారం, 2019 ఒక్క ఏడాదిలో ప్రపంచంలో 12.7 లక్షల మంది మందులకు లొంగని బాక్టీరియా వల్లే చనిపోయారు. 49.5 లక్షల మరణాల్లో దానికి పాలుంది. వాళ్లలో పటాన్‌చెరు వాటా ఎంతని లెక్క కట్టే పద్ధతి లేదు. అయితే మిగతా కారణాలన్నీ కోట్లమంది అలవాట్లు, వాటిని మార్చడానికి ఒక తరం పడుతుంది. ఫ్యాక్టరీ గొట్టానికి మాత్రం ఒక అడ్రసు ఉంది, దానికొక వాల్వు ఉంది.

ఆ వాల్వు దగ్గర ఏం కొలుస్తున్నామన్నదే నా అసలు ఫిర్యాదు. ఫ్యాక్టరీకి ఇచ్చే అనుమతి పత్రంలో పీహెచ్, టీడీఎస్, సీఓడీ, బీఓడీ లాంటి పేర్లుంటాయి. సీఓడీ అంటే ఆ నీళ్లలోని సేంద్రియ పదార్థమంతా కలిపి ఎంత ఆక్సిజన్ గుంజుతుందన్న లెక్క. బెల్లం కలిపినా సీఓడీ పెరుగుతుంది, సిప్రో కలిపినా పెరుగుతుంది. లీటరుకు 31 మిల్లీగ్రాముల సిప్రో తెచ్చే సీఓడీ ఎంతని? కొన్ని పదుల మిల్లీగ్రాములు. పరిమితి 250. కాబట్టి అలాంటి నీళ్లు కూడా నిబంధన ప్రకారం పాసయ్యే వీలుంది. ఎవరూ అబద్ధం రాయనక్కర్లేదు. చూడమని చెప్పనిదాన్ని ఎవరూ చూడరు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని పారిశ్రామిక వాడలకు మార్కులు వేసింది. డెబ్బై దాటితే ‘తీవ్ర కాలుష్యం’. పటాన్‌చెరు బొల్లారానికి 70.07 వచ్చాయి. ఆ అంకె మీద ఎంత రాజకీయం నడిచిందో! అందులో యాంటీబయాటిక్ నిరోధకతకు మార్కులే లేవు.

2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ముసాయిదా ఒకటి తెచ్చింది. మందుల ఫ్యాక్టరీ వ్యర్థజలాల్లో 121 యాంటీబయాటిక్‌లకు పరిమితులు. ప్రపంచంలో ఏ దేశమూ అంతవరకూ అలాంటి పని చేయలేదు. ఆ కాగితం చదివిన రాత్రి నేను చాలా సంతోషపడ్డాను, దాచుకోను. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చింది. 121 వరసల పట్టిక అందులో లేదు. పరిమితి ఎక్కువైందని తగ్గించి ఉంటే అర్థం చేసుకునేవాణ్ని. పట్టికే ఎత్తేశారు. 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయాటిక్ తయారీ వ్యర్థాల మీద మొదటిసారి మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని పాటించి తీరాలన్న నిర్బంధం ఏ దేశానికీ లేదు.

కొలిచే యంత్రాలు ఎక్కడివని, అంత సూక్ష్మంగా ఎవరు కొలుస్తారని పరిశ్రమ తరఫున మాట్లాడేవాళ్లు నొచ్చుకుంటారు. ఇక్కడ నేను కాస్త చిరాకు పడతాను. 2018లో వల్సార్టాన్ అనే బీపీ మందులో కేన్సర్ కారకమైన నైట్రోసమీన్ ఆనవాళ్లు దొరికి విదేశాల్లో మందులు వెనక్కి పిలిచారు. అప్పట్నుంచి ఎగుమతి చేసే మాత్రల్లో నానోగ్రాముల్లో కూడా ఆ పదార్థం లేదని నిరూపించమని అక్కడి నియంత్రణ సంస్థలు అడుగుతున్నాయి. మన కంపెనీలు నిరూపిస్తున్నాయి. ద్రవ క్రొమటోగ్రఫీకి మాస్ స్పెక్ట్రోమీటరు తగిలించిన యంత్రాలు వాటి క్వాలిటీ కంట్రోల్ గదుల్లో పగలూ రాత్రీ తిరుగుతున్నాయి. వాగులో సిప్రో కొలవడానికి కావాల్సింది ఆ యంత్రమే, ఆ గదిలోని అమ్మాయే, మరో అరపూట పని. ఇల్లినాయిస్‌లో మాత్ర మింగే ముసలాయన కోసం చేయగలిగిన కొలత, గోడ అవతలి వాగుకు చేయలేమంటే నమ్మడం కష్టం. 2009లో లార్సన్, ఫిక్ చూపించిన లెక్క ఒకటుంది: తొమ్మిది రకాల మందులకు సంబంధించి స్వీడన్ మార్కెట్లో ఉన్న 242 ఉత్పత్తుల్లో సగానికి మూలపదార్థం భారత్‌ది. మూడో వంతుకు దగ్గర పటాన్‌చెరు కేంద్రానికి వ్యర్థజలాలు పంపే ఫ్యాక్టరీలది. కొనేవాడు కూడా ఈ వాల్వు మీద చేయి వేయగలడు, అడగాలనుకుంటే.

ఇక్కడ పేలుళ్లకు అలవాటుపడ్డ జనం ఉన్నారు. 2025 జూన్ 30న పాశమైలారంలో మందుల ముడిపదార్థం తయారుచేసే ఫ్యాక్టరీ పేలి నలభై మందికి పైగా కార్మికులు చనిపోయారు, ఎక్కువమంది వేరే రాష్ట్రాల కుర్రాళ్లు. మృతదేహాలను గుర్తుపట్టడానికి డీఎన్‌ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. మంత్రులు వచ్చారు, కెమెరాలు వచ్చాయి, రావాలి కూడా. ఆ వారం ఇస్నాపూర్ గదుల్లో వంట చేసుకున్నవాళ్లు తక్కువ. నేను చెబుతున్న ప్రమాదంలో పొగ రాదు. ఏ ఆస్పత్రి వార్డులోనో ఒక బాలింత జ్వరం తగ్గదు, రెండో మందు రాస్తారు, మూడోది రాస్తారు, ధర రోజుకు వేలల్లోకి పోతుంది. మరణ ధ్రువపత్రంలో ‘సెప్సిస్’ అని ఉంటుంది.

ఇప్పుడు మూడో వరస వాళ్ల సంగతి, అంటే అపార్టుమెంట్లలోకి కొత్తగా వచ్చినవాళ్లు. అమీన్‌పూర్ చెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలం హోదా వచ్చింది. దేశంలో నగర ప్రాంతపు నీటివనరుకు ఈ గుర్తింపు దక్కడం అదే మొదలు. రాజహంసలు దిగిన ఫొటోలు బిల్డర్ల బ్రోచర్లకు ఎక్కాయి. ఆ చెరువును కాపాడినవాళ్లకు దండం పెట్టాలి. కానీ అక్కణ్నుంచి కొద్ది కిలోమీటర్లలోనే ఖాజీపల్లి, గండిగూడెం, ఆసానికుంట. అన్ని చెరువులూ ఒకటి కావు. ‘లేక్ వ్యూ’ అంటే ఏ చెరువన్నది అడగాలి. ఇప్పుడు చెరువుల సుందరీకరణ అంటున్నారు, కట్టలు, లైట్లు, నడక దారులు. అందులో భాగంగా పూడిక తీస్తారు. సిప్రో జాతి మందులు నీళ్లలో కన్నా బురదకు గట్టిగా అంటుకుంటాయి. పూడికమట్టి పొలానికి తోలడం తెలంగాణ రైతుకు తాతలనాటి తెలివి, 2015లో మొదలైన మిషన్ కాకతీయ కూడా దాన్నే ప్రోత్సహించింది. ఎక్కువ చెరువులకు అది బంగారం లాంటి పని. ఫ్యాక్టరీల దిగువన ఉన్న ఈ నాలుగైదు చెరువులకు మాత్రం ముందు బురద పరీక్ష కావాలి, తర్వాత ట్రాక్టరు రావాలి.

కిందటి ఎండాకాలం మా పక్క గేటెడ్ కమ్యూనిటీ నుంచి ఒకాయన వచ్చాడు. నీటి కమిటీలో ఉన్నాడట. ట్యాంకర్ల ఖర్చు భరించలేక కొత్తగా బోరు వేశారు, తొమ్మిది వందల అడుగుల్లో నీళ్లు పడ్డాయి. ల్యాబులో పరీక్ష చేయించిన కాగితం తెచ్చాడు. “అంకుల్, మీరు చూసి ఓకే అంటే గ్రూపులో పెట్టేస్తా” అన్నాడు. రెండు పేజీలు. పీహెచ్ 7.4. కాఠిన్యం కాస్త ఎక్కువ. ఫ్లోరైడు, నైట్రేటు హద్దుల్లోనే. కోలిఫాం లేదు. అన్నిటి పక్కనా కింద గీత గీసి ‘పరిమితికి లోబడి ఉంది’ అని ముద్ర. ల్యాబువాళ్లు తమకు చెప్పినవన్నీ నిజాయితీగానే చూశారు.

నేను పెన్ను తీసి, కాగితం వెనక ఖాళీగా ఉన్న వైపు ఆరు పేర్లు రాశాను. సిప్రోఫ్లాక్సాసిన్, ఎనాక్సాసిన్, సెట్రిజిన్, టెర్బినాఫిన్, సిటలోప్రామ్, ఫ్లూకొనజోల్. ఇవి కూడా చూడమని ల్యాబుకు చెప్పమన్నాను. ఆయన పేర్లు చదువుకుని, “ఇవి మందులు కదా అంకుల్” అన్నాడు.

మూడు రోజుల తర్వాత ఫోను చేశాడు. ల్యాబువాళ్లు అడిగారట, ఈ ఆరింటికీ తాగునీటి ఐఎస్ కోడ్‌లో పరిమితి ఎంత, ఏ అంకెతో పోల్చి రిపోర్టు రాయాలి అని.